తోటలోకి ఏ ప్రాణి ఎందుకు వస్తుంది: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, కోవూరు, కావలి ప్రాంతాల్లో ఇళ్లకు తోటలు వేసి, వాటి బాగోగులు చూడటం నా వృత్తి. తోట వేసేటప్పుడు ఇంటివాళ్లు అడిగేవన్నీ మొక్కల గురించే. మొక్కలు గుబురెక్కాక వచ్చే ఫోన్లు మాత్రం ప్రాణుల గురించి. "తొండలు తిరుగుతున్నాయి, ఏమి చల్లాలి?" "చెట్టు మీద గుడ్లగూబ వాలింది, కొమ్మ కొట్టించమంటారా?" అది అక్కడ ఏమి తింటోంది, ఎక్కడ దాక్కుంటోంది అని నేను తిరిగి అడుగుతాను. ఆ రెండూ తెలిస్తే భయం సగం తగ్గుతుంది, చేయాల్సిన పనీ తెలుస్తుంది.

అపోహ: సంపెంగ, మొగలి, నైట్ క్వీన్ పెంచితే వాసనకు పాములు వస్తాయి.

పూల వాసనతో పాముకు పని లేదు. అది నాలుక చాచి గాలిలో, నేల మీద ఉన్న వాసనలను పోగుచేసి, నోటి పైభాగంలోని ప్రత్యేక అవయవంతో పసిగడుతుంది. అలా వెతికేది ఎలుకను, కప్పను, బల్లిని. మొగలి పొద దగ్గర పాము కనబడితే దానికి కారణం పొద అడుగున ఉన్న చల్లదనం, అక్కడ చేరిన కప్పలు. అందుకని సంపెంగను నరకనక్కర్లేదు. గోడవారన పేర్చిన పాత ఇటుకలు, కట్టెలు, కొబ్బరి మట్టలు తీసేయించండి. కోళ్ల దాణా, కుక్కకు పెట్టగా మిగిలిన అన్నం రాత్రి బయట ఉంచవద్దు. పొదలను అడుగున జానెడు ఎత్తు దాకా కత్తిరించి నేల కనబడేలా చూసుకోండి. వెల్లుల్లి, గంధకం, కార్బాలిక్ ఆమ్లం చల్లితే పాములు రావన్నది నమ్మదగిన మాట కాదు. పైగా కార్బాలిక్ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది. పిల్లలు ఆడుకునే చోట దాన్ని చల్లడం చూస్తే నాకు కోపం వస్తుంది.

మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. బొరియల్లో నీళ్లు నిండితే పాములు పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్ల దగ్గరికి వస్తాయి. ఆ రోజుల్లో చీకటి పడ్డాక టార్చి లేకుండా పెరట్లోకి వెళ్లవద్దు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. దాని కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు కాబట్టి నిద్రలో ఉన్నవారికి తెలియకపోవచ్చు. నేల మీద పడుకునేవారు దోమతెర అంచులను పరుపు కిందికి దోపుకోవాలి. కాటు పడితే బిగించి కట్టడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మన దగ్గర ప్రాణం తీసేవాటిలో ముఖ్యమైన నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు ఇచ్చే విరుగుడు మందు ఒక్కటే. కాబట్టి పామును చంపి వెంట తీసుకెళ్లాలని సమయం పోగొట్టుకోకండి.

అపోహ: జెర్రిపోతు నాగుపాముతో జతకడుతుంది, ఆవు పొదుగు నుంచి పాలు తాగుతుంది.

జెర్రిపోతుకు విషం లేదు, తోకలో కూడా లేదు. పెనవేసుకుని పైకి లేచే రెండు పాములను చూసి జత అనుకుంటారు. చాలాసార్లు అవి బలం తేల్చుకుంటున్న రెండు మగ జెర్రిపోతులే. పాము నోటికి చప్పరించి తాగే వీలు లేదు, పాలు దాని ఆహారమూ కాదు. నాగులచవితి పూజ మన భక్తికి సంబంధించినది, దానికి నేను అడ్డు చెప్పను. పాములవాడి బుట్టలో దాహంతో ఎండగట్టిన పాముకు పాలు పట్టించడాన్ని మాత్రం ప్రోత్సహించకండి. పొలం పక్కన ఉన్న ఇంటికి జెర్రిపోతు చేసే మేలు ఏ ఎలుకల మందూ చేయలేదు.

అపోహ: గుడ్లగూబ వాలిన ఇల్లు వదిలేయాలి.

ఈ మాట విని పిల్లలున్న గూళ్లను కర్రలతో పొడిచేస్తారు. ఎంత అన్యాయమో! గుడ్లగూబ వచ్చిందంటే మీ చుట్టుపక్కల ఎలుకలు బాగా ఉన్నాయని అర్థం. పిల్లలను పెంచే రోజుల్లో అది రాత్రంతా ఎలుకలను మోస్తూనే ఉంటుంది. అదే సమయంలో మీరు ఎలుకల మందు పెడితే, రక్తం గడ్డకట్టకుండా చేసే రకం మందులు ఆ ఎలుకల ద్వారా గుడ్లగూబకూ ఎక్కుతాయి. బోను పెట్టండి, మందు మానండి.

అపోహ: నిమ్మ మొక్కకు పురుగు కనబడగానే మందు కొట్టాలి.

గూడూరు, పొదలకూరు నిమ్మకు పేరుపడ్డ ప్రాంతాలు కాబట్టి తోటల్లో వాడే మందులు పెరటి మొక్క దాకా వచ్చేశాయి. లేత నిమ్మాకు మీద పక్షి రెట్టలా కనబడే చిన్న పురుగును జాగ్రత్తగా చూడండి. అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. పెరిగాక పచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనుక నుంచి రెండు పాయల కొమ్ములాంటిది బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. మొక్క చిన్నదైతే ఆకులు మిగల్చదు, నిజమే. అప్పుడు చేత్తో తీసి పెద్ద నిమ్మ చెట్టు మీదో, మారేడు మీదో వదలండి, అక్కడ కూడా తింటుంది. ఎదిగిన చెట్టుకు నాలుగు ఆకులు పోతే కాపు తగ్గదు.

మందు కొడితే నష్టపోయేది సీతాకోకచిలుక ఒక్కటే కాదు. పిచుకలకు నూకలు వేస్తున్నామని సంతోషించేవారు గమనించాల్సింది ఏమిటంటే, పెద్ద పిచుకలు గింజలు తిన్నా, గూట్లో పిల్లలకు పెట్టేది ఎక్కువగా మెత్తటి పురుగులే. మా ఇళ్ల చూరులకు వరి కంకుల కుచ్చులు కట్టే అలవాటు నాకెంతో ఇష్టం. కుచ్చుతో పాటు పురుగుకూ చోటివ్వాలి. గూడు పెట్టె కొంటే రంధ్రం అంగుళం పావు ఉంటే చాలు. రేకు పెట్టె వద్దు, రోహిణి కార్తెలో లోపలి పిల్లలు ఉడికిపోతాయి. చెక్క పెట్టెను పడమటి ఎండ తగలని గోడకు కట్టండి.

అపోహ: పక్షులకు నీళ్లు పెడితే దోమలు పెరుగుతాయి.

గుడ్డు నుంచి దోమ రెక్కలు కట్టుకునేసరికి సుమారు వారం పడుతుంది. రెండు రోజులకోసారి మట్టి మూకుడును రుద్ది కడిగి కొత్త నీళ్లు పోస్తే దోమకు ఆ సమయమే దొరకదు. లోతు రెండు అంగుళాలు మించకుండా, మధ్యలో ఒక రాయి పెట్టండి. తేనెటీగలు కూడా వచ్చి తాగుతాయి.

నలికిరి కరిస్తే చనిపోతారన్నది, బల్లి విషమన్నది రెండూ తప్పు. మునగపూలలో దూరే నల్ల తుమ్మెదను తరమకండి, కాయ పట్టడానికి అది కావాలి.

చివరిగా నక్షత్ర తాబేలు. ఇంట్లో ఉంటే కలిసివస్తుందని తొట్లో పెట్టి పెంచుతున్నారు. అది మెట్ట చిట్టడవుల్లో గడ్డి తిని బతికే ప్రాణి, నీటి తొట్టి దానికి ఇల్లు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పెంచడం నేరం, పంజరంలో మన రామచిలుకను పెంచడం కూడా అంతే. ఉంటే అటవీ శాఖకు అప్పగించండి. ఎక్కడపడితే అక్కడ వదిలితే జబ్బు అంటించవచ్చు, తిండి దొరకక చావనూ వచ్చు.