స్పీడ్‌రన్ వీడియోలో గేమ్ ఏ భాషలో ఉండాలి? అపోహలు - వాస్తవాలు

స్పీడ్‌రన్ అంటే గేమ్‌ని వీలైనంత తక్కువ టైమ్‌లో పూర్తి చేయడం. గత వారం మళ్ళీ వచ్చింది ఆ మెసేజ్. "అన్నా, జపనీస్ వెర్షన్‌లో రన్ చేస్తే మనవాళ్ళకి ఏం అర్థమవుతుంది? ఇంగ్లిష్‌కి మారిపోనా?" తెలుగు కామెంటరీతో వీడియోలు మొదలుపెట్టినప్పటి నుంచీ నన్ను ఎక్కువమంది అడిగింది ఇదే. అడిగేవాళ్ళ టెన్షన్ నాకు తెలుసు. నెలల తరబడి కష్టపడి చేసిన రన్‌ని ఎవరూ చూడరేమోనన్న భయం అది. నా కోపమల్లా ఈ మాటని రూల్‌లాగా చెప్పుకుంటూ తిరిగేవాళ్ళ మీదే.

అపోహ: చూసేవాళ్ళ భాషలో గేమ్ ఉంటేనే వీడియో అర్థమవుతుంది.

అసలు సూపర్ మారియో 64కి గానీ, ఒకరినా ఆఫ్ టైమ్‌కి గానీ తెలుగు వెర్షనే లేదు. మరి ఇంగ్లిష్ మన ప్రేక్షకుల భాష ఎప్పుడైంది? నా వీడియోలు చూసే మా ఊరివాళ్ళలో చాలామంది తెర మీది ఇంగ్లిష్ కూడా చదవరు.

పైగా రన్‌లో టెక్స్ట్ చదివే తీరిక ఎవరికుంటుంది? ఒకరినాలో డైలాగ్ ఒక్కో అక్షరమే పడుతుంది. అదే డైలాగ్‌కి జపనీస్‌లో చాలా తక్కువ అక్షరాలు సరిపోతాయి కాబట్టే రన్నర్లు దాన్ని ఎంచుకుంటారు. చైనాలో అమ్మిన ఐక్యూ ప్లేయర్ అనే గేమ్ మెషీన్‌లోని చైనీస్ వెర్షన్‌ని కూడా వేగం కోసమే ఆడేవాళ్ళున్నారు, చైనీస్ ముక్క రాకపోయినా.

పోయిన సంక్రాంతికి మారియో 64ని 16 స్టార్లతోనే ముగించే రన్ ఎడిట్ చేస్తుంటే అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చివరి మెట్ల దగ్గరికి రాగానే చెయ్యి ఆపి, "వాడెందుకురా వెనక్కి దూకుతున్నాడు?" అంది. 70 స్టార్లు లేకపోతే ఆ మెట్లు ఎంత ఎక్కినా తరగవు. ముందుకి వెళ్ళే వేగానికి గేమ్‌లో హద్దు పెట్టారు గానీ, వెనక్కి దూకే వేగానికి పెట్టలేదు. మెట్లకి వీపు పెట్టి బటన్ టపటపా కొడుతుంటే వేగం పెరుగుతూ పోయి, మారియో ఆ మెట్లన్నీ దాటేస్తాడు. ఇదంతా చెప్పాను. "అయితే వీధి తలుపుకి తాళం వేసి పెరటి తలుపు వదిలేశారన్నమాట" అంది. బ్యాక్‌వర్డ్ లాంగ్ జంప్‌ని ఇంత బాగా చెప్పినవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు. గేమ్‌లో రాతలు ఏ భాషలో ఉన్నాయో ఆమె అడగనే లేదు.

కాబట్టి రాబోయే ట్రిక్ గురించి ముందే చెప్పండి. టెక్స్ట్ బాక్సులు నడిచే ఆ కాసేపూ మీదే, మాట్లాడండి. మాకు తెలిసిన ఒక తమ్ముడు కామెంట్లకి భయపడి ఒకరినా రన్‌ని ఇంగ్లిష్‌కి మార్చాడు. పాత స్ప్లిట్స్‌తో, అంటే ఒక్కో భాగానికి పట్టిన టైమ్‌లతో, పోల్చుకోవడానికి లేకుండా పోయింది, మూడు నెలలు వృథా. వ్యూస్ పెరిగాయా అంటే అదీ లేదు. ఆ వీడియోలో కామెంటరీ లేదు మరి.

డైలాగులే ప్రాణమైన గేమ్ అయితే వేరే సంగతి. పీబీ (మన సొంత బెస్ట్ టైమ్) కోసం కాకుండా గేమ్‌ని పరిచయం చేసే వీడియో అయితే నేనూ ఇంగ్లిష్‌లోనే ఆడతాను.

అపోహ: జపనీస్ వెర్షన్ అయితే చాలు, ఏదైనా ఒకటే.

కాదు. 1997 జూలైలో జపాన్‌లోనే వచ్చిన మారియో 64 షిండో వెర్షన్‌లో ఆ వెనక్కి దూకే గ్లిచ్‌ని తీసేశారు. నేను మొదట కొన్న సెకండ్ హ్యాండ్ కార్ట్రిడ్జ్ అదే. అమ్మినతను చెప్పలేదు. తప్పు నా వేళ్ళదే అనుకుని రెండు రోజులు ఆ మెట్ల దగ్గరే కూర్చున్నాను. డబ్బు కట్టేముందు లేబుల్ ఫొటో అడగండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. జపనీస్‌లో ఆడటం మోసం కాదు, లీడర్‌బోర్డ్ (రన్నర్ల టైమ్‌ల పట్టిక) రూల్స్ ఒప్పుకున్న వెర్షన్ అయితే చాలు. భాష రానక్కర్లేదు, మెనూలో ఏది ఎక్కడుందో చేతికి అలవాటైపోతుంది. యూరప్ నుంచి చుట్టాలు తెచ్చిన పాల్ (PAL, అక్కడి టీవీ పద్ధతి) కార్ట్రిడ్జ్‌లో ఇంగ్లిష్ ఉంటుంది, నిజమే. కానీ అది 50 హెర్ట్జ్, జపాన్, అమెరికావి 60. ఆటే నెమ్మదిగా నడుస్తుంది.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళు, ఇంట్లో అమెరికన్ వెర్షన్ ఉంటే దానితోనే కానివ్వండి. జపనీస్ కోసం అప్పు చేయొద్దు. ఈ దశలో టెక్స్ట్‌లో కలిసొచ్చే సెకన్ల కన్నా మిస్సయిన దూకుళ్ళలో పోయేవే ఎక్కువ.

మెసేజ్ పెట్టిన అబ్బాయికి జపనీస్‌లోనే ఉండమని రాశాను. రన్ పెట్టి ఇంట్లో ఎవరికైనా వివరించమన్నాను, ఆ మాటలే రికార్డ్ చేసి పంపమన్నాను. నిన్న రాత్రి పంపాడు, వాళ్ళ నానమ్మ ప్రశ్నలతో సహా. ఆ ప్రశ్నలు కత్తిరించొద్దని చెప్పాను.