గోడెక్కాక చిక్కబడే పసుపు

షేడ్ కార్డులో రెండు గళ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి వెన్న రంగు. రెండోది అందులోనే కాస్త గంధం కలిపినట్టుంది. హాలుకు ఏది వేయించాలో తేలక రెండు రోజులు ఆ కార్డు పట్టుకుని ఇల్లంతా తిరిగాం. చివరికి మేస్త్రి రెండు చిన్న డబ్బాలు తెచ్చి, కిటికీ పక్క గోడ మీద రెండు రంగులూ చెరో మూరెడు పూశాడు. "తడి మీద చూడొద్దమ్మా, ఆరనివ్వండి" అన్నాడు. నిజమే. తడిగా ఉన్న ఎమల్షన్‌లో బైండరు, అంటే రంగును గోడకు పట్టించే జిగురు, పాలలా తెల్లగా ఉంటుంది. నీరు ఆరిపోయాక అది పారదర్శకమై అసలు రంగు బయటపడుతుంది.

అసలు చిక్కు నాలుగు గోడలకూ వేశాకే. పసుపు గోడంటే వెలుతురులోని నీలాన్ని ఎక్కువగా మింగేసే గోడ. వెన్న రంగు ఎరుపు, ఆకుపచ్చ కాంతుల్లో నూటికి 80 పాళ్లు, నీలంలో 50 పాళ్లు తిప్పి పంపుతుందనుకుందాం. ఆ వెలుతురే ఎదుటి గోడకూ తగిలి వస్తే అవి 64, 25 అవుతాయి. మూడోసారికి 51, పన్నెండున్నర. అంటే గోడ నుంచి గోడకు దూకినకొద్దీ నీలం హరించుకుపోయి పసుపు చిక్కబడుతుంది. కార్డులోని గడికి ఎదురుగోడ ఉండదు కదా! ఒక పసుపు కాగితాన్ని పుస్తకంలా సగం తెరిచి మడత లోపలికి చూడండి, ఇదంతా అక్కడే కనిపిస్తుంది.

దీపాల సంగతి వేరు. మన కంట్లో రంగును పసిగట్టే కోన్ కణాలు మూడే రకాలు. అందుకే వేర్వేరు పిగ్మెంట్లతో (రంగు పొడులతో) చేసిన రెండు పసుపులు పగలు ఒకేలా కనిపించి, రాత్రి బల్బు కింద విడిపోవచ్చు. దీన్నే మెటామెరిజం అంటారు. బల్బు వెలుతురు రంగును కెల్విన్లలో చెబుతారు. 6500 కెల్విన్ల తెల్ల ఎల్‌ఈడీ కింద, 2700 కెల్విన్ల పసుపు బల్బు కింద ఒకే గోడ రెండు రకాలుగా ఉంటుంది. మీ ఇంట్లో రాత్రి ఏది వెలుగుతుందో దాని కిందే చూడాలి.

మేం వెన్న రంగే వేయించాం. పడమటి కిటికీలోంచి సాయంత్రం ఎండ పడినప్పుడు గది మూల అచ్చం కార్డులోని ఆ రెండో గడిలాగే ఉంటోంది.