పది కిలోమీటర్ల లోతు అని ఎందుకు రాస్తారు?

భూకంపాల జాబితాలో నడిసముద్రంలో వచ్చినవాటిని వరుసగా చూసుకుంటూ వెళ్తే ఒక విషయం కళ్లకు కడుతుంది. తీవ్రత 4.6, లోతు 10 కిలోమీటర్లు. తీవ్రత 4.9, లోతు 10 కిలోమీటర్లు. తేదీలు మారుతాయి, చోట్లు మారుతాయి, లోతు మాత్రం మారదు.

అది చాలాసార్లు కొలిచిన లోతు కాదు, అనుకున్న లోతు. భూకంపం పుట్టిన చోటికి దగ్గర్లో నేల అదురును నమోదు చేసే యంత్రం, సీస్మోమీటరు, ఉంటే లోతు తేల్చడం కష్టం కాదు. సముద్రం మధ్యలో అయితే అతి దగ్గరి యంత్రమే వేల కిలోమీటర్ల అవతల ఉండొచ్చు. అంత దూరం నుంచి చూస్తే, 10 కిలోమీటర్ల లోతున ఇప్పుడు పుట్టిన తరంగానికీ, 20 కిలోమీటర్ల లోతున ఒకటి రెండు సెకన్ల తర్వాత పుట్టిన తరంగానికీ తేడా పట్టుకోవడం కష్టం. పైకి వెళ్లి నేలను తాకి తిరిగొచ్చే తరంగం ఆ చిక్కు విప్పగలదు. కానీ లోతు తక్కువైతే అది మొదటి తరంగం వెన్నంటే వచ్చి అందులో కలిసిపోతుంది. ఇక చిన్న భూకంపమైతే అలల హోరులో మునిగిపోతుంది. అందుకని శాస్త్రవేత్తలు లోతును 10 దగ్గర స్థిరంగా ఉంచి, మిగతా లెక్కలు కడతారు. నడిసముద్రపు పర్వతశ్రేణుల దగ్గర పెళుసుగా విరిగే రాతిపొర పలుచన కాబట్టి, లోతు తక్కువన్న మాట మాత్రం నమ్మదగ్గదే.

4 నుంచి 4.9 వరకు తీవ్రత ఉన్నవాటిని తేలికపాటి భూకంపాలంటారు. తీవ్రత ఒక్క అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. అంటే 7.5 ముందు 4.5 శక్తి 32 వేలవ వంతు మాత్రమే. సునామీ లేపేంత బలం దానికి ఉండదు.

అయినా తేలికపాటిదని పక్కన పెట్టేయకూడదనడానికి నాకు గుర్తొచ్చేది ట్రిస్టన్ డ కున్యా. దక్షిణ అట్లాంటిక్‌లో ఒక అగ్నిపర్వతమే ద్వీపంగా నిలిచిన చోటు. మనుషులుండే అతి దగ్గరి నేల సెయింట్ హెలీనా, అదీ 2,400 కిలోమీటర్ల పైచిలుకు దూరం. 1961 ఆగస్టులో అక్కడి ఏకైక ఊళ్లో నేల అదరడం మొదలైంది. పెద్ద భూకంపాలేమీ కావు. కానీ రోజులు గడిచేకొద్దీ ఆగలేదు, బలపడ్డాయి. ఊరి వెనక కొండచరియల నుంచి రాళ్లు దొర్లాయి. అక్టోబరులో ఊరి పక్కన నేల పగిలింది, ఉబ్బింది. 10వ తేదీన 264 మందీ ఊరు వదిలారు. ముందు నైటింగేల్ ద్వీపానికి, తర్వాత ఓడలో కేప్ టౌన్‌కు, అక్కడి నుంచి ఇంగ్లండుకు. లావా వాళ్ల జీవనాధారమైన రొయ్యజాతి జీవుల ఫ్యాక్టరీని కప్పేసింది. ఇంగ్లండులో ఓటు వేస్తే 148 మంది తిరిగి వెళ్దామన్నారు, ఐదుగురే వద్దన్నారు. 1963లో చాలామంది వెళ్లిపోయారు. ఇళ్లూ పశువులూ వదిలి, నెలల తరబడి అదిరిన నేల మీదికే తిరిగి వెళ్దామన్న ఆ 148 మందిని తలుచుకుంటే నాకు మనసు నిండిపోతుంది.

ఆ అదురులు నిజానికి పైకి వస్తున్న శిలాద్రవం రాళ్లను చీల్చుకుంటూ దారి చేసుకోవడమే. దారి తక్కువ లోతులో ఉంటే కొద్దిపాటి శక్తీ ఊరిని గట్టిగా కుదుపుతుంది. అదే దూరం వెళ్లేసరికి పలచబడిపోతుంది.

2004 జులై చివర్లో ద్వీపవాసులకు మళ్లీ నేల అదిరింది. ఈసారి ఊళ్లో పగుళ్లు రాలేదు, పొగ రాలేదు. తర్వాత సముద్రం మీద తేలుతూ ప్యూమిస్ రాళ్లు వచ్చాయి. మనం మడమలు రుద్దుకునే రాయి లాంటివే, చేతిలోకి తీసుకుంటే నిండా బుడగల గుంటలు, ఆశ్చర్యపోయేంత తేలిక. నీటి అడుగున ఎక్కడో అగ్నిపర్వతం బద్దలైందని, ఎవరూ చూడని ఆ పేలుడు నుంచి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆ తేలిక రాళ్లే చెప్పాయి.