రోస్టర్‌లో ఉంటే సేఫ్ అనుకోవద్దు: కాలిఫోర్నియాలో తుపాకీ కొనేవాళ్ల అపోహలు, వాస్తవాలు

కాలిఫోర్నియాలో ఒక గన్ షాపులో పనిచేస్తున్నాను. తుపాకులు చూపించడం కంటే కాగితాలు చూడటమే నాకు ఎక్కువ పని. ఏ మోడల్ అమ్మొచ్చు, ఎవరికి అమ్మొచ్చు, 10 రోజుల వెయిటింగ్ ఎప్పటికి పూర్తవుతుంది, ఇవే రోజంతా. పక్క వీధిలో దొంగలు పడ్డారంటే ఆ వారం మనవాళ్లు కూడా నలుగురైదుగురు వస్తారు. తెలుగు మాట్లాడే మనిషి కనబడగానే మనసులో ఉన్నవన్నీ అడిగేస్తారు. ఎక్కువగా వినబడే మాటలతో మొదలుపెడతాను.

అపోహ: రోస్టర్‌లో ఉందంటే ప్రభుత్వమే సేఫ్ అని చెప్పినట్టు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఈ మాటే.

రోస్టర్ అంటే షాపులో కొత్తగా అమ్మడానికి రాష్ట్ర న్యాయశాఖ ఒప్పుకున్న చేతి తుపాకుల జాబితా. చట్టం 1999లో వచ్చింది, 2001 జనవరి 1 నుంచి అమలవుతోంది. చవగ్గా, నాసిరకంగా తయారై, కింద పడితే పేలిపోయే తుపాకులను ఆపాలన్నది అసలు ఉద్దేశం. అందుకే పరీక్షలు కూడా ఆ తీరులోనే ఉంటాయి. కంపెనీ ఒక మోడల్‌వి మూడు తుపాకులను గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు ఇవ్వాలి. ఒక్కోదానితో 600 రౌండ్లు, అంటే 600 తూటాలు, కాలుస్తారు. మొదటి 20 రౌండ్లలో ఒక్కసారి కూడా మొరాయించకూడదు, మొత్తం 600లో ఆరుసార్లకు మించకూడదు. తర్వాత మీటరు పైచిలుకు ఎత్తు నుంచి కాంక్రీటు మీదకు పడేస్తారు. నిటారుగా, తలకిందులుగా, పక్కకు, మూతి మీద, పిడి మీద, వెనక భాగం మీద. మూడింటిలో ఏదీ పేలకూడదు.

మంచి పరీక్షే, కాదనను. కానీ ఇది చెప్పేది కింద పడినప్పటి సంగతి. ఇంట్లో ప్రమాదాలు చాలావరకు చేతిలో ఉన్నప్పుడు జరుగుతాయి. పడే కోణం మారితే ఫలితం కూడా మారొచ్చు. 2017లో సిగ్ సావర్ కంపెనీ తన పీ320 పిస్టల్ దేశంలోని ప్రమాణాలన్నీ దాటిందని చెబుతూనే, కొన్ని కోణాల్లో పడితే పేలే అవకాశం ఉందని ఒప్పుకుని, ఉచితంగా భాగాలు మార్చే కార్యక్రమం పెట్టింది.

ఇప్పుడు అసలు విషయం. కొన్నాళ్ల క్రితం ఒక జంట వచ్చారు. రోస్టర్‌లో ఉన్న ఒక పాత డిజైన్ పిస్టల్ అడిగారు. ఇక్కడ తుపాకీ ఇచ్చే ముందు కొనేవాళ్లు దాన్ని సరిగ్గా పట్టుకోగలరో లేదో డెమో చేసి చూపించాలి, దానికి డమ్మీ తూటా వాడతాం. నేను ముందు చేసి చూపించాను. డమ్మీ తూటా ఉన్న మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) పెట్టి, స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి కదిలే భాగం) వెనక్కి లాగి వదిలాను. మ్యాగజైన్ తీసి గాజు కౌంటర్ మీద పెట్టాను.

"ఇప్పుడు ఇందులో ఏముంది సార్?"

"ఏం లేదు, తీసేశారుగా" అన్నాడాయన.

స్లైడ్ మళ్లీ లాగాను. డమ్మీ తూటా ఎగిరొచ్చి గాజు మీద టంగుమని పడింది. ఆవిడ ఒక్క క్షణం ఆ తూటా వైపే చూసి, "మా బాబుకి ఆరేళ్లండీ" అంది. ఇంకేం మాట్లాడలేదు.

మ్యాగజైన్ తీస్తే తుపాకీ ఖాళీ అయిందని చాలామంది నమ్ముతారు. కానీ చాంబర్‌లో, అంటే పేలే ముందు తూటా కూర్చునే చోట, ఒకటి మిగిలి ఉండొచ్చు. దీనికోసమే చట్టంలో రెండు భాగాలు చేర్చారు. ఒకటి, లోపల తూటా ఉందని కంటికి తెలిసేలా చూపించే గుర్తు. రెండోది, మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ నొక్కినా పేలకుండా ఆపే ఏర్పాటు. 2007 నుంచి రోస్టర్‌లోకి కొత్తగా వచ్చే సెంటర్‌ఫైర్ (తూటా అడుగున మధ్యలో పిన్ తగిలి పేలే రకం) సెమీ ఆటోమేటిక్ (ఒకటి పేలగానే తర్వాతి తూటా తనంతట తానే ఎక్కే) పిస్టళ్లకు రెండూ ఉండాలి.

"కొత్తగా వచ్చే" అన్న మాట చూడండి. అంతకుముందే జాబితాలో ఉన్నవి అలాగే కొనసాగాయి. ఇక్కడ ఏళ్ల తరబడి బాగా అమ్ముడైన, గ్లాక్ కంపెనీ వాళ్ల గ్లాక్ 19 మూడో తరం పిస్టల్‌కు మ్యాగజైన్ తీస్తే ఆపే ఏర్పాటు లేదు. మ్యాగజైన్ బయట ఉన్నా, చాంబర్‌లో తూటా ఉంటే పేలుతుంది. అయినా రోస్టర్‌లో పేరుతో, పూర్తిగా చట్టబద్ధంగానే అమ్మారు. కాబట్టి కొనేటప్పుడు రోస్టర్‌లో ఉందా అన్న ఒక్క ప్రశ్నతో ఆగకండి. "మ్యాగజైన్ తీస్తే పేలుతుందా?" అని అడగండి. ఏ తుపాకీ అయినా సరే, స్లైడ్ లాగి కంటితో చూసి, వేలు పెట్టి తడిమి ఖాళీ అని తేల్చుకోండి.

అపోహ: కంపెనీలకు కాలిఫోర్నియా అంటే లెక్కలేదు, అందుకే కొత్త మోడళ్లు పంపవు.

ఇంత పెద్ద మార్కెట్‌ను ఏ కంపెనీ వదులుకుంటుంది? చిక్కంతా రూల్స్ అల్లుకున్న తీరులో ఉంది.

ఒక మోడల్ జాబితాలో ఉండాలంటే ఏటా 200 డాలర్లు కట్టాలి. కట్టకపోతే పేరు పోతుంది. రంగో, పిడి మీద తొడుగో మారితే మళ్లీ పరీక్ష అక్కర్లేదు కానీ, దానికి విడిగా నమోదు, విడిగా ఫీజు. పెద్ద కంపెనీకి ఆ డబ్బు లెక్కలోది కాదు. లోపలి భాగం మారిస్తే మాత్రం చట్టం దృష్టిలో అది కొత్త మోడల్. పాతదానికి ఉన్న మినహాయింపు దానికి రాదు, ఈనాటి షరతులన్నీ తీర్చాలి. దాంతో కంపెనీలు మెరుగైన డిజైన్‌ను మిగతా రాష్ట్రాలకు పంపి, ఇక్కడికి పాతదాన్నే తయారుచేస్తూ వచ్చాయి. గ్లాక్ నాలుగో తరం 2010లో, ఐదో తరం 2017లో వచ్చినా ఇక్కడి షాపుల్లో జనానికి అమ్మింది మూడో తరమే. భద్రత కోసం పెట్టిన చట్టం జనం చేతికి పాత డిజైన్లే ఇచ్చింది. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మైక్రోస్టాంపింగ్ సంగతి ఇంకా పెద్దది. ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే చిన్న కడ్డీ) మీద కంటికి కనబడనంత చిన్న అక్షరాలతో తుపాకీ వివరాలు చెక్కితే, పేల్చినప్పుడు అవి తూటా లోహపు తొడుగు మీద ముద్ర పడతాయి. నేరం జరిగిన చోట దొరికిన ఆ తొడుగుతో తుపాకీని పట్టుకోవచ్చన్నది ఆలోచన. 2007లో చట్టం చేశారు, 2013 మేలో అమల్లోకి తెచ్చారు. ఏ కంపెనీ కూడా ఆ పని చేసే పిస్టల్‌ను మార్కెట్‌లోకి తేలేదు. 2014లో స్మిత్ అండ్ వెసన్, రూగర్ కంపెనీలు తమ సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లు ఇక్కడ ఒక్కొక్కటిగా తగ్గిపోతాయని బాహాటంగానే చెప్పాయి. సుమారు పదేళ్లు కొత్త సెమీ ఆటోమేటిక్ డిజైన్ ఒక్కటీ రోస్టర్‌లో చేరలేదు. 2023 మార్చిలో ఫెడరల్ జడ్జి కార్మాక్ కార్నీ మైక్రోస్టాంపింగ్‌తో పాటు పైన చెప్పిన రెండు ఏర్పాట్లు, మొత్తం మూడు షరతులనూ ఆపేశారు. రాష్ట్రం అప్పీలుకు వెళ్లి, తూటా గుర్తు, మ్యాగజైన్ ఏర్పాటు విషయంలో ఆ ఆర్డర్‌పై స్టే తెచ్చుకుంది, మైక్రోస్టాంపింగ్‌కు స్టే అడగలేదు. ఆ తర్వాతే మిగతా రెండు ఏర్పాట్లతో కొత్త మోడళ్లు రావడం మొదలైంది. అయితే మైక్రోస్టాంపింగ్ కథ ముగియలేదు. 2028 నుంచి దాన్ని వేరే దారిలో తేవడానికి 2023లోనే ఇంకో చట్టం చేశారు.

గ్లాక్ కొనాలనుకునేవాళ్లకు ఇంకో మాట. సులువుగా మెషిన్‌గన్‌లా మార్చగలిగే పిస్టళ్లను 2026 జూలై 1 నుంచి డీలర్లు అమ్మకూడదని 2025లో చట్టం వచ్చింది. గ్లాక్ ట్రిగ్గర్ డిజైన్‌ను దృష్టిలో పెట్టుకుని రాసిందే అది. రోస్టర్‌లో పేరున్నంత మాత్రాన షాపులో దొరుకుతుందని అనుకోకండి.

అపోహ: రోస్టర్‌లో లేనిది దగ్గరుంటే నేరం.

కాదు. రోస్టర్ కట్టడి అమ్మకాల మీద. టెక్సాస్‌లో ఉండి ఇక్కడ ఉద్యోగం వచ్చి మారేవాళ్లు దీని గురించి తెగ టెన్షన్ పడతారు. మీ దగ్గర చట్టబద్ధంగా ఉన్న మామూలు పిస్టల్ రోస్టర్‌లో లేకపోయినా తెచ్చుకోవచ్చు. వచ్చిన 60 రోజుల్లోపు న్యాయశాఖకు రిపోర్ట్ చేయాలి. 10 రౌండ్లకు మించిన మ్యాగజైన్లు మాత్రం వెంట తేవద్దు, రాష్ట్ర చట్టం వాటిని ఒప్పుకోదు.

ఇక్కడ ఉండే ఇద్దరు మనుషుల మధ్య, డీలర్ ద్వారా జరిగే అమ్మకానికి కూడా రోస్టర్ వర్తించదు. పోలీసులకూ మినహాయింపు ఉంది. అందువల్ల రోస్టర్‌లో లేని పిస్టల్ సెకండ్ హ్యాండ్‌లో కొత్తదానికంటే ఎక్కువ ధర పలకడం మామూలే. దాన్నే వ్యాపారంగా చేసుకున్న కొందరు పోలీసుల మీద ఫెడరల్ కేసులు కూడా పడ్డాయి.

అపోహ: జీతం ఉంది, టాక్స్ కడుతున్నాను, హెచ్1బీ మీద కూడా కొనుక్కోవచ్చు.

ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ అడ్డంకి లేదు. "మా ఫ్రెండ్ సిటిజెన్, వాడి పేరు మీద తీసుకుంటాం" అని నవ్వుతూ అడిగినవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఫారంలో అసలు కొనేది నేనే అని సంతకం పెట్టిన ఫ్రెండ్‌కు జైలు, మీకు దేశం నుంచి బయటికి దారి. భార్యకు గ్రీన్ కార్డ్ ఉండి భర్త హెచ్1బీ మీద ఉంటే, ఆయన చేతికి అందే చోట తుపాకీ ఉండటం కూడా కేసు కావచ్చు. కొనే ముందే లాయర్‌ను అడగండి.

అపోహ: అన్ని రాష్ట్రాల్లోనూ ఇంతే.

ఎక్కువ రాష్ట్రాల్లో ఇలాంటి జాబితాయే లేదు. మేరీల్యాండ్‌లో ఏ చేతి తుపాకులు అమ్మొచ్చో తేల్చే ఒక బోర్డు ఉంది, అక్కడి చట్టాన్ని 1988లో జనం ఓటేసి నిలబెట్టారు. మసాచుసెట్స్‌లో జాబితాతో పాటు అటార్నీ జనరల్ పెట్టిన నియమాలు వేరే ఉన్నాయి, రెండూ దాటితేనే షాపులో అమ్మకం.

అపోహ: లాక్ ఏదైనా ఒకటే.

లాక్‌లకు, లాక్ బాక్సులకు కూడా ఇక్కడ న్యాయశాఖ జాబితా విడిగా ఉంది. 2026 జనవరి 1 నుంచి, ఒంటి మీదో చేతికి అందేంత దగ్గరలోనో లేని తుపాకీని ఇంట్లో తాళం వేసే ఉంచాలి. ఆ జంట పది రోజులకు వచ్చి పిస్టల్ తీసుకెళ్లారు. ఆ రోజు ఆవిడ ముందు అడిగింది లాక్ బాక్స్ గురించి. కోడ్ రెండుసార్లు తనే నొక్కి, మూత తెరుచుకున్నాక లోపల చేయి పెట్టి చూసి, అప్పుడు బిల్లు వేయమంది.