తుమ్మెద నాలుక చెప్పే చుట్టరికం

నర్సంపేట వైపు నుంచి హన్మకొండకు వచ్చి డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది: "కంది పూల మీద తిరిగే నల్ల తుమ్మెద, తేనెటీగ చుట్టాలేనా సార్? రంగూ కలవదు, సైజూ కలవదు."

చుట్టాలే, అదీ దగ్గరి చుట్టాలు. సాక్ష్యం వాటి నోట్లోనే ఉంది.

చచ్చి పడిన తుమ్మెద దొరికితే భూతద్దం కింద పెట్టండి. మధ్యలో సన్నని వెంట్రుకలున్న నాలుక కనిపిస్తుంది. దానికి అటొకటి, ఇటొకటి నాలుగు కణుపుల పుల్లలుంటాయి. వీటినే లేబియల్ పాల్ప్‌లు అంటారు. చేలో పనిచేస్తుంటే చెమట కోసం చేతి మీద వాలే చిట్టి ఈగలున్నాయే, అవీ తేనెటీగల వంశానివే. వాటిలో నాలుగు కణుపులూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తుమ్మెదకు మాత్రం మొదటి రెండు కణుపులూ బాగా సాగి, రేకుల్లా పలచబడి, నాలుకను కప్పి స్ట్రాలాగా పనిచేస్తాయి. మిగతా రెండూ బుల్లివి. తేనెటీగకూ అంతే, గులాబీ ఆకును గుండ్రంగా కత్తిరించుకుపోయే ఈగకూ అంతే.

పాత తాళపత్ర ప్రతులను పోల్చేవాళ్లకు ఈ తర్కం బాగా తెలుసు. రెండు ప్రతుల్లో సరైన పాఠం ఉంటే ఏమీ తేలదు, అది మూలం నుంచే వచ్చి ఉండొచ్చు. రెండింట్లోనూ ఒకే కొత్త తప్పు ఉంటే మాత్రం రెండూ ఒకే ప్రతి చూసి రాసినవని అనుకోవచ్చు. ఒకేలా ఉన్న కణుపులు, తేనెటీగల పూర్వీకులైన కందిరీగల నాటి పాత పాఠం. సాగిన కణుపులు కొత్త మార్పు. చుట్టరికం పట్టిచ్చేది ఈ కొత్త మార్పే.

కందిరీగలంటే గుర్తొచ్చింది. మట్టిగూట్లో పెట్టిన పురుగు భ్రమరంగా మారుతుందని భ్రమరకీట న్యాయం చెబుతారు. నిజానికి ఆ పురుగు కందిరీగ పిల్లకు ఆహారం. పిల్లలకు గూడు విప్పి చూపిస్తే ఇది ఎప్పటికీ మరిచిపోరు. అలా వేటాడే కందిరీగల్లో ఒక శాఖ మాంసం మాని పుప్పొడి పట్టింది. తేనెటీగల వంశం మొదలైంది అక్కడే.

పాత పాఠాన్ని గుర్తించడంలో పండితులూ పొరబడ్డారు. కొలెటిడే కుటుంబపు ఈగల నాలుక, కందిరీగల నాలుకలాగే, కొసన రెండుగా చీలి ఉంటుంది. అందుకే తేనెటీగల్లో అదే అన్నిటికన్నా ముందు విడిపోయిన శాఖ అనుకున్నారు. 1944లో తేనెటీగల శాస్త్రవేత్త చార్లెస్ మిచెనర్ కూడా అలాగే భావించారు. 2006లో బ్రయాన్ డాన్‌ఫర్త్ బృందం అయిదు జన్యువులనూ శరీర నిర్మాణాన్నీ కలిపి చూస్తే, మొదట్లో విడిపోయింది మెలిటిడే అనే మరో కుటుంబం అని తేలింది. కొలెటిడే వంశవృక్షంలో పైకొమ్మల్లో చేరింది.

మరి ఆ చీలిక ఎందుకు? ఆడ ఈగ తన గ్రంథుల స్రావాన్ని ఆ నాలుకతోనే గూటి గోడకు పూస్తుంది. అది ఆరితే సెల్లోఫేన్ కాగితంలాంటి పొర అవుతుంది. తడి లోపలికి రాదు. అంటే ఆ నాలుక రంగులేసే కుంచెలాంటిది. ఆస్ట్రేలియా, న్యూగినీ వైపు ఉండే ఈ కుటుంబపు కొన్ని ప్రజాతుల్లో మగ ఈగల నాలుక చీలి ఉండదు, మొనదేలి ఉంటుంది. గూడు పూసే పని వాటికి లేదు.