చిక్కావు, ఒళ్ళు చేశావు

చిరంజీవులైన పిల్లలకు,

ఈ సంక్రాంతికి మా మనవరాలు యూనివర్సిటీ హాస్టల్ నుంచి వచ్చింది. రావులపాలెంలో బస్సు దిగగానే నేనన్న మొదటి మాట, "ఏమే, బాగా చిక్కిపోయావే!" దాని మొహం వెలిగిపోయింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

భోజనాల దగ్గర తెలిసింది. నాలుగు మెతుకులు పెట్టించుకుని, వాటినే కంచంలో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. ముద్దపప్పులో నెయ్యి వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. దానికోసం ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు ముట్టుకోలేదు. రాత్రి ఒంటిగంటకి వంటింట్లో చప్పుడైతే పిల్లి అనుకుని లేచాను. లైటు కూడా వేసుకోకుండా నేల మీద కూర్చుని, డబ్బాలో అరిసెలు ఒకదాని మీద ఒకటి తినేస్తోంది. నన్ను చూసి భోరుమంది.

అడగ్గా అడగ్గా చెప్పింది. క్లాసులో దాని పేరు 'డ్రమ్ము'. సెమినార్ చెప్పడానికి లేస్తే చాలు, వెనక బెంచీ మీద దరువు. ముందు టిఫిన్ మానేసింది, తర్వాత రాత్రి భోజనం, ఆ తర్వాత క్లాసులో నోరు విప్పడం.

పగలంతా కడుపు మాడిస్తే ఒళ్ళు ఊరుకోదమ్మా. రాత్రికి ఆకలి తిరగబడుతుంది. తినేశాక సిగ్గు, ఆ సిగ్గుతో మర్నాడు మళ్ళీ పస్తు. నెలల తరబడి ఇదే అయితే జుట్టు ఊడుతుంది, నెలసరి తప్పుతుంది, చదివింది బుర్రకెక్కదు. థైరాయిడో, హార్మోన్లు అదుపు తప్పే పీసీఓఎస్సో ఉన్న పిల్లకి బరువు అంత సులువుగా తగ్గదు కూడా. దరువేసేవాడికి ఇవేం తెలుసు?

మగపిల్లలకీ తప్పలేదు. 'అగరొత్తి' అన్నారని కండలు పెంచే ప్రోటీన్ పౌడర్ డబ్బాలకి డబ్బు తగలేసేవాళ్ళున్నారు. ఇక రంగు సంగతి. డాక్టరు చీటీ లేకుండా మందుల షాపులో తెల్లబడే క్రీము ట్యూబు కొని రాసుకుంటారు. వాటిలో కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట తెల్లబడినట్టే ఉంటుంది, పోనుపోను చర్మం పలచబడి ఎండ తగిలితే మండుతుంది. మానేస్తే మొహమంతా ఎర్రగా పొక్కుతుంది. అసలే మన ఎండలు!

సరదాకే అన్నాం అంటారు. యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ వాళ్ళ ర్యాగింగ్ నిబంధనలు 2009 నాటివి. 2016లో సవరించి, రంగునీ రూపాన్నీ పట్టుకుని వేధించడం కూడా ర్యాగింగే అని రాశారు. ఫిర్యాదుకి 1800-180-5522 ఉంది. మనసు బాగోలేకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. మా పిల్లని డాక్టరుకి చూపించాం. ఆవిడ బరువు ఊసెత్తకుండా, మూడు పూటలా వేళకి తినమని చెప్పి పంపించారు.

అయినా మిమ్మల్ని అని ఏం లాభం, ఈ విద్య నేర్పింది మేమే. పెళ్ళికి వెళితే గుమ్మంలోనే మనిషిని తూకం వేస్తాం. చిక్కావు, ఒళ్ళు చేశావు, నల్లబడ్డావు. మనకి పలకరింపంటే అదే. ఆ రోజు బస్సు దగ్గర నేను చేసిందీ అదే. పస్తులకి బహుమతి ఇచ్చాను.

దసరా సెలవులకి మళ్ళీ వస్తోంది. దిగగానే ఏమనాలా అని వారం నుంచి వెతుక్కుంటున్నాను. ఎంత ఆలోచించినా నోటికి ముందు దాని ఒళ్ళే వస్తోంది. "ఆకలేస్తోందా?" అనొచ్చో లేదో, ఫోన్ చేసి దాన్నే అడగాలి.

ఇట్లు,
మీ అమ్మమ్మ