అరకు రైలు పేచీ: మలుపు జోన్‌లో లేదు, అద్దాల బోగీలో ఉంది

విశాఖ రైల్వే జోన్ మాట ఎత్తినప్పుడల్లా వెనకే అరకు పేరు వస్తోంది. కొత్తవలస నుంచి అరకు దాకా ఉన్న సుమారు వంద కిలోమీటర్ల లైనును విశాఖపట్నం డివిజన్‌లోనే ఉంచాలని ఉత్తరాంధ్ర అడుగుతోంది. ఆ లైను ఒడిశాలోని రాయగడ డివిజన్‌కు వెళ్తుందని కేంద్ర కేబినెట్ 2025 ఫిబ్రవరిలోనే తేల్చింది. తేలిన విషయం మీద ఇంకా ఇంత రగడ ఎందుకు?

జోన్ కోసం జరిగిన ఉద్యమం, 2014 విభజన చట్టంలో రాసిన మాట, ధర్నాలు, దీక్షలు అందరికీ గుర్తున్నవే, మళ్ళీ తవ్వను. అరకు గొడవ అర్థం కావాలంటే వాటికన్నా ముందు ఒక రైలు పెట్టె గురించి తెలుసుకోవాలి.

2017 ఏప్రిల్ 16. అప్పటి రైల్వే మంత్రి సురేశ్ ప్రభు జెండా ఊపితే విశాఖ నుంచి అరకుకు దేశంలోనే మొదటి విస్టాడోమ్ బోగీ బయల్దేరింది. మనవాళ్ళు దాన్ని అద్దాల బోగీ అన్నారు. నలభై సీట్లు, పైకప్పుకు అద్దాలు, కిటికీలు పెద్దవి, సీటును ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. చెన్నైలోని రైలు బోగీల కర్మాగారం ఐసీఎఫ్‌లో తయారైంది, 3 కోట్ల 38 లక్షల రూపాయలు పెట్టారు. ఆ మంత్రి అప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభ సభ్యుడు. కానీ జెండా ఊపింది భువనేశ్వర్‌లో కూర్చుని, వీడియోలో! ఆరోజు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

ఆ బోగీని దేనికి తగిలించారో చూడండి. విశాఖ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్‌కు పోయే పాసింజర్‌కు. తట్టల్లో కూరలు, బుట్టల్లో కోళ్ళు పెట్టుకుని సంతకు పోయే గిరిజనులు, ఉద్యోగానికి పోయే టీచర్లు, జగదల్‌పూర్‌లో చుట్టాలున్నవాళ్ళు ఎక్కే బండి అది. దాని తోకకు అద్దాల పెట్టె కట్టారు. ముందు పెట్టెల్లో ఊరికి పోయేవాళ్ళు, వెనక పెట్టెలో ఊరికే చూడ్డానికి పోయేవాళ్ళు.

ఈ తేడా చిన్నది కాదు. ఆ లైను పుట్టి అప్పటికి యాభై ఏళ్ళు. ఆ యాభై ఏళ్ళలో దాని మీద యాత్రికుడి కోసమని వచ్చిన మొదటి పెట్టె అదే. అంతకుముందు యాత్రికులు లేరా అంటే బోలెడుమంది ఉన్నారు. అయితే వాళ్ళు ఆ రైలుకు అనుకోకుండా వచ్చిన చుట్టాలు. లైను వేసింది వాళ్ళ కోసం కాదు.

వేసింది ఇనప రాయి కోసం. బైలడిల్లా కొండల్లోని ఖనిజాన్ని జపాన్‌కు అమ్మడానికి 1960లో ఒప్పందం కుదిరింది. ఆ రాయిని విశాఖ రేవుకు దించడానికి బస్తర్ అడవుల నుంచి తూర్పు కనుమల మీదుగా దారి కావాలి. దండకారణ్య–బొలాంగీర్–కిరిబురు ప్రాజెక్టు అనే పెద్ద పథకంలో ఇదొక ముక్క. సుమారు 450 కిలోమీటర్లు, 58 సొరంగాలు. 1966 నాటికి లైను సిద్ధమైంది. శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల పైన ఉంటుంది. బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషను ఇదేనని అక్కడి బోర్డు చాలాకాలం చెప్పుకుంది. 2008లో కశ్మీర్ లోయలో రైలు మొదలయ్యాక ఆ గొప్ప పోయింది. అయినా ఆ బోర్డు దగ్గర ఫోటో దిగకుండా వచ్చినవాళ్ళు తక్కువ.

లోడు బండ్లు కొండ దిగి రేవుకు వస్తాయి, ఖాళీ బండ్లు మళ్ళీ కొండెక్కుతాయి. వాటి మధ్య పగలు ఒక పాసింజర్. ఒంటి లైను కదా, గూడ్స్ వస్తుందంటే పాసింజర్ ఏదో స్టేషన్లో పక్క లైనులో ఆగాల్సిందే. శివలింగపురం, చిమిడిపల్లి, కరకవలస లాంటి స్టేషన్లలో అలా ఆగిన అరగంటలో పిల్లలు దిగి కోతుల్ని చూస్తారు, పెద్దలు శనక్కాయలు కొంటారు. సొరంగం రాగానే బోగీ మొత్తం ఒక్క గొంతుతో కేక పెడుతుంది. నేను చిన్నప్పుడూ పెట్టాను, నిరుడు మా పిల్లలూ పెట్టారు. ఆ కేక ఎవరు నేర్పారో తెలీదు కానీ ప్రతి తరానికీ వచ్చేస్తుంది.

అరకును విశాఖవాళ్ళకు ఒక్క రోజు విహారంగా మార్చింది ఆ బండి టైమే. ఉదయం ఏడు కాకముందే విశాఖలో బయల్దేరి పదకొండు ప్రాంతంలో అరకు చేరుతుంది. తిరుగు బండి సాయంత్రం అరకు మీదుగా వచ్చి రాత్రికి ఇంటి దగ్గర దింపేస్తుంది. లాడ్జి ఖర్చు లేదు, కారు అక్కర్లేదు, పులిహోర కట్టుకుంటే హోటలూ అక్కర్లేదు. ఒక రోజు సెలవు, జనరల్ టికెట్టు ఉంటే చాలు, మిల్లు కార్మికుడి కుటుంబమైనా వలిసె పూలు చూసి రావచ్చు. పర్యాటక శాఖ కూడా ఈ టైమునే పట్టుకుంది. పొద్దున రైల్లో ఎక్కించి, అరకులో బస్సు పెట్టి, మ్యూజియం, పద్మాపురం తోట, బొర్రా గుహలు చూపించి ఘాట్ రోడ్డు మీదుగా దించే ప్యాకేజీ ఏళ్ళ తరబడి నడుస్తోంది. బొర్రా దగ్గర రైలుకు సొంత స్టేషనే ఉంది.

అయితే ఆ టైమును యాత్రికుల కోసం ఎవరూ పెట్టలేదు. ఆ రోజే కిరండూల్ చేరాలంటే పొద్దున్నే బయల్దేరక తప్పదు కాబట్టి అలా కుదిరింది. మన అదృష్టం, అంతే. మావోయిస్టుల భయంతో ఆ బండిని దంతెవాడ దగ్గరే ఆపేసిన రోజులు ఎన్నో ఉన్నాయి. వానాకాలంలో చిమిడిపల్లి, బొర్రా వైపు కొండచరియలు పడితే అసలు బండే ఉండదు. పడ్డ మట్టిని ఎత్తాక ముందు కదిలేవి గూడ్స్ బండ్లు.

2017లో మారింది ఇదే. అద్దాల బోగీ పెట్టి, యాత్రికుడు కూడా తమ ఖాతాదారేనని రైల్వే మొదటిసారి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఊరుకుంటారా? నలభై సీట్లు నిమిషాల్లో అయిపోతున్నాయి, ఇంకో బోగీ పెట్టండి అన్నారు. పెట్టారు. పాసింజర్‌కు తోకలా కాకుండా విశాఖ నుంచి అరకుకు వేరే రైలు వేయండి అన్నారు. శీతాకాలం రద్దీకి ప్రత్యేక రైళ్ళు వేశారు, రద్దీ తగ్గాక తీసేశారు. ఏడాది పొడవునా కావాలంటే గూడ్స్ బండ్ల మధ్య ఇంకో సందు దొరకాలి. ఆ సందు ఎవరిస్తారు? అడిగేది ఎవర్ని? పేచీ మొత్తం ఈ ప్రశ్నలో ఉంది.

2019 ఫిబ్రవరి 27న అప్పటి రైల్వే మంత్రి పీయూష్ గోయల్ విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటించినప్పుడు ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. అప్పటి కోపమంతా విశాఖ కేంద్రంగా నడిచే వాల్తేరు డివిజన్ గురించి. జోన్ ఇచ్చి డివిజన్ లాక్కుంటారా అన్నారు. ఒక ముక్క విజయవాడకు, మిగతాది కొత్తగా పెట్టే రాయగడకు అన్నది అప్పటి లెక్క. వాల్తేరు ఆదాయంలో పెద్ద వాటా కేకే లైను, అంటే ఈ కొత్తవలస–కిరండూల్ లైను మీద వచ్చే ఖనిజానిది. అది మొత్తం రాయగడకు పోతుందనేదే అసలు బాధ. అప్పటి ఉపన్యాసాల్లో అరకు అందాలకన్నా గూడ్స్ ఆదాయమే ఎక్కువ వినబడేది. దాచాల్సిన పనేముంది, అది నిజమే.

2025 ఫిబ్రవరిలో కేబినెట్ ఆ ప్రకటనను సవరించింది. వాల్తేరును పూర్తిగా తీసేయకుండా సుమారు 410 కిలోమీటర్లు మిగిల్చి విశాఖపట్నం డివిజన్ అని పేరు పెట్టారు. కొత్తవలస నుంచి బచేలి వైపు పోయే ఈ కేకే లైనుతో పాటు సుమారు 680 కిలోమీటర్లు రాయగడ డివిజన్‌కు, అంటే భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు కోస్తా జోన్‌కు వెళ్తాయి. అంతకు నెల ముందే ప్రధాని రాయగడ డివిజన్ భవనానికీ, విశాఖలో జోన్ కార్యాలయానికీ రెండు రోజుల తేడాతో శంకుస్థాపన చేశారు. డివిజన్ దక్కిందని విశాఖలో స్వీట్లు పంచుకున్నవాళ్ళు మ్యాప్ తెరిచి చూశాక అడిగిన మొదటి ప్రశ్న: అరకు ఏదీ?

ఒడిశా వైపు వాదన ఇది. కేకే లైను ఎక్కువ భాగం ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలోనే ఉంది, రాయగడ, కొరాపుట్ జిల్లాలు వెనకబడ్డవి, వాళ్ళకూ ఒక డివిజన్ కావాలి. న్యాయమైన కోరికే.

రైల్వే అధికారులు చెప్పేది ఇంకోటి. డివిజన్ హద్దు పాలన కోసమే, బండి మాత్రం విశాఖలోనే బయల్దేరుతుంది, టికెట్టు విశాఖలోనే ఇస్తారు, ప్రయాణికుడికి తేడా ఏముంటుంది? పైగా 2003 నుంచి ఈ లైను భువనేశ్వర్ జోన్ కిందే ఉంది, అంతకుముందు కోల్‌కతా నుంచి నడిచే ఆగ్నేయ రైల్వేలో ఉండేది. విశాఖ జోన్ కింద ఇది ఏనాడూ లేదు కదా అంటారు.

ఈ మాటలో సగం నిజముంది. జోన్ ఎప్పుడూ మనది కాదు. కానీ డివిజన్ ఆఫీసు మనదే. రోజువారీ పని నడిచేది జోన్ ఆఫీసులో కాదు, డివిజన్ ఆఫీసులో. సెలవుల్లో ఒక పెట్టె అదనంగా కలపాలన్నా, బొర్రా స్టేషన్లో నీళ్ళు రావట్లేదని చెప్పాలన్నా, అరకు ప్లాట్‌ఫారం మీద షెడ్డు వేయించాలన్నా డివిజన్ మేనేజరు, అంటే డీఆర్ఎం ఆఫీసుకే పోవాలి. ఇప్పటిదాకా అది విశాఖలో స్టేషనుకు దగ్గర్లో ఉంది. అరకు హోటలువాళ్ళు పనిమీద విశాఖ వచ్చినప్పుడు ఒక అర్జీ ఇచ్చిపోయేవాళ్ళు. రేపు అదే అర్జీ పట్టుకుని రాష్ట్రం దాటి రాయగడ పోవాలి. బండి బయల్దేరేది ఒక డివిజన్‌లో, యాత్రికుడు దిగేది ఇంకో జోన్‌లో అయితే ప్రత్యేక రైలు వేయాలన్న ప్రతిసారీ ఇద్దరూ మాట్లాడుకోవాలి. సర్కారీ ఆఫీసులు ఇద్దరూ మాట్లాడుకునే వేగం మనకు తెలియనిదా!

రాయగడ డివిజన్‌కు బతుకు ఖనిజం. దాని కళ్ళు కిరండూల్, బచేలి, కొరాపుట్ వైపు ఉంటాయి, అందులో తప్పేమీ లేదు. కానీ దాని దక్షిణపు కొసలో శృంగవరపుకోట, బొర్రా, అరకు తెలుగు స్టేషన్లు. ఆదాయంలో అవి ఎంత? గూడ్స్ లెక్కల ముందు అద్దాల బోగీ టికెట్లు చిల్లర. విశాఖకు అవి చిల్లర కాదు. విశాఖకొచ్చే యాత్రికుడు రెండో రోజు కూడా ఊళ్ళో ఉండడానికి కారణం అరకే.

రోడ్డు ఉంది కదా అంటారు కొందరు. రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు, ఎస్.కోట మీదుగా విజయనగరం వెళ్ళే 516ఈ జాతీయ రహదారిని వెడల్పు చేస్తున్నారు. పూర్తయితే కార్లలో వచ్చేవాళ్ళకు ఇబ్బంది ఉండదు. కారు ఉన్నవాళ్ళు ఇప్పుడూ రైలు కోసం ఆగట్లేదు. డిసెంబరు ఆదివారాల్లో అనంతగిరి ఘాట్‌లో ఆ ట్రాఫిక్ చూస్తే టెన్షన్ పుడుతుంది. కారు లేనివాళ్ళ సంగతే ఎవరూ ఎత్తట్లేదు. వాళ్ళకు అరకు అంటే ఆ పొద్దుటి బండే.

కొత్తవలస–కొరాపుట్ రెండో లైను పనులు నడుస్తున్నాయి. ఆ లైను పూర్తయితే బండ్లకు చోటు పెరుగుతుంది. అప్పుడు పెరిగిన చోటులో ముందు ఏ బండి కదలాలో చెప్పేది రాయగడ. అందుకే ఉత్తరాంధ్ర ఆదాయం మాట వదిలేసింది, వాల్తేరు పేరు మాటా వదిలేసింది, వంద కిలోమీటర్ల దగ్గర ఆగింది. కొత్తవలస దగ్గర గీసిన గీతను కొండ పైకి, అరకు దాటించి గీయమంటోంది.